బనీను లోపల కుట్టిన ఊలు ముక్కలు

2003 నవంబరు. ఏలూరులో నేను ఊలు, దారాల దుకాణం పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. ఇదే ఊళ్లో మా తాతగారికి ఇరవై మగ్గాల తివాచీల కార్ఖానా ఉండేది. అది పోయింది. ఊలు వేళ్లతో పట్టి చూస్తే చాలు, దాని గుణం చెప్పగలనన్న నమ్మకం మాత్రం నాకు మిగిలింది. కొనడానికి వచ్చినవాళ్ల కోసం లేచి నిలబడే అలవాటు మా ఇంట్లో లేదు. నేనూ కుర్చీలో కూర్చునే సరుకు చూపించేవాణ్ణి.

గుండుగొలను నుంచి సుగుణమ్మగారు వచ్చారు. మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. చేతిలో అట్ట ఊడిన అల్లికల పుస్తకం, మోచేతుల దగ్గర చిరిగిన మగవాళ్ల స్వెట్టరు ఉన్నాయి.

"ఇది ఇరవయ్యేళ్ల కిందట ఈ పుస్తకం చూసే అల్లానండీ. ఇందులో చెప్పిన ఊలు ఉందాండీ?"

"ఆ రకం ఇప్పుడు రావడం లేదండీ."

"అయితే దానికి బదులు ఏది వాడాలో చెప్పండి. మా ఆయన కొల్లేట్లో చేపల చెరువుల కాపలా. తెల్లారకముందే మంచులో గట్టు మీదుంటారు. పోయిన చలికాలం నిమోనియా వచ్చింది. మళ్లీ వస్తే తట్టుకోలేరన్నారు డాక్టరుగారు. పని మానమంటే మానరు. కొన్న స్వెట్టర్లు గుచ్చుకుంటున్నాయని విప్పి గట్టు మీద పడేస్తారు."

పుస్తకంలో 4 ప్లై అని ఉంది. ప్లై అంటే కలిపి పేనిన పోగుల లెక్క. మెత్తగా మెరిసే నీలం 4 ప్లై తీసి ముందు పెట్టాను.

"కళ్లు మూసుకుని అల్లేయండి."

"కళ్లు మూసుకుంటే కుట్లు ఎవరు లెక్కపెడతారండీ?" అని ఆమె ఒకే ఒక్క ఉండ కొన్నారు. నా మాట మీద నమ్మకం లేదా అని నాకు కష్టంగా తోచింది.

నాలుగు రోజుల తర్వాత అరచేయంత ముక్క అల్లి, ఉతికి, నీడన ఆరబెట్టి తెచ్చారు. ఇలాంటి నమూనా ముక్కను స్వాచ్ అంటారు. దాని మీద బడిపిల్లల స్కేలు పెట్టారు.

"నాలుగంగుళాలకి ఇరవై నాలుగు కుట్లు రావాలండీ. మీ ఊలుతో ఇరవై ఎనిమిది వస్తున్నాయి. నలభై అంగుళాల ఛాతీ ముప్పై నాలుగవుద్ది. మా మనవడికి సరిపోద్దండి."

"4 ప్లై అంటే 4 ప్లైయేనండీ," అన్నాను, కాస్త బిగిసి.

"పోగులు నాలుగేనండీ, కాదన్లేదు. ఒక్కో పోగూ సన్నం. నాలుగు తాళ్లూ నాలుగు దారాలూ ఒకటవుతాయాండీ?"

మా కార్ఖానాలో ఏ తివాచీకైనా ముందు జానెడు నమూనా నేసి చూసేవారు. ఊలు దండగని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి.

ఈసారి అరలన్నీ దించాను. పాత స్వెట్టరు పోగుతో సరితూగే లావు రెండింటికే ఉంది. ఒకటి ఖరీదైన తెల్ల ఊలు. రెండోది అడుగున దుమ్ము పట్టి పడివున్న, ఊలులో నూలు కలిపి పేనిన మట్టిరంగు రకం. దాన్ని చూపించడానికే నాకు నామోషీ. ఆమె రెండూ ఒక్కో ఉండ తీసుకున్నారు.

తర్వాత ఆమె చేసిన పని ఇన్నేళ్లలో మరెవరూ చేయగా నేను చూడలేదు. రెండు ముక్కలు అల్లి, భర్త బనీను లోపల మెడకు చెరో పక్కన కుట్టారు. ఇదేమిటని ఆయన అడిగితే చిరుగులకు మాసికలు వేశానన్నారట. వారం రోజులు ఆయన ఆ బనీనుతోనే గట్టు మీదికి వెళ్లాక, ఆమె మళ్లీ దుకాణానికి వచ్చారు.

"తెల్లదాన్ని రెండో రోజే పీకేశారండీ. రెండోది ఉందన్న సంగతే మర్చిపోయారు. కుట్లూ సరిగ్గా ఇరవై నాలుగే. ఆ మట్టిరంగుదే ఇవ్వండి."

"చూడ్డానికి బాగుండదేమోనండీ."

"చూసేవి చేపలేగా."

జనవరిలో బొత్తాల కోసం దంపతులిద్దరూ వచ్చారు. మిట్టమధ్యాహ్నం. ఆయన ఒంటి మీద మట్టిరంగు స్వెట్టరు.

"ఎండగా ఉంది, విప్పండి," అన్నారామె.

"ఉండనీ సుగుణా. ఉన్నట్టే లేదు," అన్నారాయన. దుకాణంలో ఉన్నంతసేపూ ఒక్కసారి కూడా దగ్గలేదు.

అప్పటినుంచి బదులు ఊలు అడిగినవాళ్లకు ప్లై చూసి, వేళ్లతో పట్టి సలహా చెప్పడం మానేశాను. వేసుకునేది ఎవరని అడుగుతాను. ఒక్క ఉండ ఇచ్చి, అల్లి, ఉతికి, కొలిచి రమ్మంటాను. ఊలు సంగతి నా వేళ్ల కన్నా, దాన్ని వారం రోజులు మోసిన మెడకే బాగా తెలుస్తుంది.

ఆ రోజు వాళ్లు బయల్దేరుతుంటే నేను కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వెళ్లాను.