తోడేలు నోట తప్పించుకున్న బండి

మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. సంగటి కెలుకుతూనే, నా ముఖం చూడకుండా, చెప్పదలుచుకున్నది చెప్పింది.

"రేపు నువ్వూ పోతాండావంట గదా బండి చూడను. పో. చూసి బాగలేదని చెప్పు. నీ మాటయితే మీ బావ వింటాడు."

"నిజంగా బాగుంటేనో?"

"బాగున్నా బాగలేదనే చెప్పు. అది ఈ వాకిట్లోకి వచ్చిందంటే ఆ మనిషి నాకు దక్కడు."

నేను సరేనన్నాను. తెడ్డు గిన్నె అంచుకు కొట్టి, "మాట తప్పితే నీ మొగం చూడను" అని కూడా అంది.

మా అక్కను ఇచ్చింది పులివెందులకు పోయే దారిలో ఒక పల్లెకు. మావి గొర్రెలు కాచిన కుటుంబాలు. బావ బోరు వేసి చీనీ పండ్ల తోట పెట్టాడు, మందను సగానికి తగ్గించాడు, ఊరి నాయకుడి వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఆ నాయకుడిది భూములున్న ఇల్లు. పార్టీ ఏదైనా ఊరి ఓట్లలో సగానికి పైగా ఆ గడప దాటి పోయేవి కావు. ఎదుటి వర్గం కూడా అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఉండేది. అప్పటికే కక్షల్లో రెండు వైపులా మనుషులు పోయారు.

బావ మొదట్లో నాయకుడి వెనక వచ్చే ట్రాక్టరులో నిలబడి పోయేవాడు. తర్వాత నాలుగో జీపులో వెనక సీటు దొరికింది. ఆ ఏడు మండలం ఎన్నికలు వస్తున్నాయని తెలిసి టిక్కెట్టు అడిగాడు. నాయకుడు కాదనలేదు. "సొంత బండి తెచ్చుకోప్పా. నా బండి పక్కన నిలబెడితే నలుగురూ చూడాల" అన్నాడట. బావ ఆ మాట ఎంతమందికి చెప్పుకున్నాడో.

ట్రాక్టరులో నిలబడి పోయేవాణ్ణి ఎదుటి వర్గం పట్టించుకోదు, వాడు గుంపులో ఒకడు. సొంత బండిలో నాయకుడి పక్కన పోయేవాణ్ణి గుర్తుపెట్టుకుంటుంది. అక్క ఒక్క అక్షరం చదువుకోలేదు గానీ ఈ సంగతి ఆమెకు నాకంటే ముందే తెలుసు.

నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడిలో గుమాస్తాను. ఏడో తరగతితో బడి మానేశాను. పొద్దున అంగడి తెరిచేలోపు శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. అందరూ పేపర్ల బల్ల చుట్టూ మూగి పార్టీల గురించి కొట్లాడుతుంటే, నేను లోపలి బీరువాల దగ్గరికి పోయేవాణ్ణి. ఏది చదవాలో చెప్పేవాళ్ళు లేరు కాబట్టి బీరువాల వరసలో చదువుకుంటూ పోయాను. వైద్యం అయ్యాక వ్యవసాయం, తర్వాత నక్షత్రాలు. నాలుగో బీరువా కింది అరలో అట్ట ఊడిపోయిన మోటారు బండ్ల పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని మూడుసార్లు చదివాను. నాకు బండి తోలడం రాదు. కానీ ఇంజను బొమ్మ కాగితం మీద గీసి ఏ గొట్టం ఎక్కడికి పోతుందో చెప్పగలను. ఆ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను, ఇప్పటికీ.

బావ నన్ను నమ్మడానికి కారణం అదే. "మెకానిక్కును తీసకపోతే బ్రోకరు వాని జేబులో ఏందో ఒకటి పెడతాడు. మా బామ్మర్దిని ఎవుడు కొంటాడు? పుస్తకమిస్తే తప్ప చెయ్యి చాపడు వాడు" అనేవాడు.

జమ్మలమడుగులో బ్రోకరు ఇంటి పక్క రేకుల కొట్టంలో ఉంది బండి. విదేశంలో తయారైనది. నల్లటి రంగు. లోపల తోలు సీట్లు, చెక్క పలకలు, ముందు సీట్ల మధ్య నీళ్ళ సీసాలు చల్లగా ఉంచే చిన్న పెట్టె. పైకప్పులో ఒక అద్దం పక్కకు జరిగి తెరుచుకునేది.

"నెత్తిన కిటికీ ఎందుకప్పా?" అన్నాడు బావ.

"గెలిచినంక లేసి నిలబడి దండం పెట్టను మామా" అన్నాడు బ్రోకరు.

బావ బండి చుట్టూ తిరిగాడు. సంతలో గొర్రె నడుము పట్టి చూసినట్టు వెనకవైపు రెండు చేతులతో అదిమి చూశాడు. "దీని వయసు తెలియను పండ్లు యాడ చూడాలబ్బా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ కళ్ళు బండి మీది నుంచి తిప్పలేదు. కొనేస్తాడని అప్పుడే నాకు తెలిసిపోయింది.

నేను ముందుగా బానెట్ మీద అరచేయి పెట్టాను. వేడిగా ఉంది. ఎండాకాలమే గానీ బండి నీడలో ఉంది. అంటే మేము వచ్చేలోపు ఇంజను వేడి చేసి పెట్టారు. రోగమున్న ఇంజను చల్లగా ఉంటే మొరాయిస్తుంది, వేడెక్కితే రోగం దాచుకుంటుంది. చల్లారేదాకా చూడనని చెప్పి కొట్టం అరుగు మీద కూర్చున్నాను. గంటన్నర పట్టింది. బ్రోకరు మూడుసార్లు టీ తెప్పించాడు.

చల్లారాక తాళం తిప్పించాను. ఒక్క తిప్పుకే అందుకుంది. సైలెన్సరు ముందు తెల్లగుడ్డ పట్టాను. పలచని మసి తప్ప ఆయిలు చుక్క పడలేదు. ఆయిలు పోసే మూత తీసి అరచేయి పెట్టాను. అరిగిన ఇంజనయితే అక్కడ గుప్పుగుప్పుమని ఊదుతుంది. దీని ఊపిరి తగిలీ తగలనట్టుంది. ఆ తర్వాత పెన్నా ఏటి ఇసుకలోకి దింపించి, నాలుగు చక్రాలకూ బలం అందే గేరు వేయించాను. మోకాలి లోతు ఇసుకలో నుంచి బరువైన ఎద్దు లేచినట్టు లేచి వచ్చింది.

"ఏందప్పా, ఎట్లుండాది?" అన్నాడు బావ.

చెప్పాల్సింది ఒక్క మాట. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో బ్రోకరు, "బట్టల అంగట్లో మీటరు కొలిచేటోనికి ఇంజను సంగతేం తెలుస్తాది మామా? నువ్వూ మంచోనివే, గుడ్డ చించేటోన్ని పిలచకచ్చినావు" అన్నాడు.

దానితో నాకు ఒళ్ళు మండింది. ఇసుకలో పుల్లతో గీసి చెప్పడం మొదలుపెట్టాను. గాలి ఎక్కడ నలుగుతుంది, డీజిలు ఎప్పుడు చిమ్ముతుంది, ఊపిరి సన్నగా ఉంటే లోపలి రింగులు ఎందుకు బాగున్నట్టు, తెల్లగుడ్డ మీద మసి ఏ రంగులో ఉంటే ఏమని అర్థం. పావుగంట చెప్పాను. బ్రోకరు నోరు మూసుకున్నాడు. చివరికి, "ఇంజను శానా బాగుండాది. పదేళ్ళు దీన్ని ముట్టుకోబన్లేదు" అని ముగించాను.

బావ నా భుజం తట్టాడు. ఆ చేయి పడ్డాక గానీ అక్క గుర్తుకు రాలేదు.

ఇక దిద్దుకోవాలని మిగతా బండిని మరింత పట్టుగా చూశాను. వెంట తెచ్చుకున్న అయస్కాంతానికి పలచని గుడ్డ చుట్టి బండి ఒంటి మీద జరుపుకుంటూ పోయాను. ఎడమవైపు వెనక డోరు దగ్గర అది అంటుకోకుండా జారిపోయింది. ఇనుము ఉండాల్సిన చోట పుట్టీ ఉంది. డోరు తెరిచి చూస్తే మిగతావాటికంటే బాగా బరువు. వేలితో కొడితే మందంగా పలికింది. లోపల ఇనుప రేకు వేయించారు. గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాను. అదే వైపు నేల రేకు కోసేసి కొత్త రేకు అతికించారు. పైకి వచ్చి చూస్తే ఆ పక్క సీటు తోలు మిగతా సీట్లకంటే కొత్తది. ఎవరూ చెప్పనవసరం లేదు. ఈ బండి మీద బాంబు పడింది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. బావను పక్కకు పిలిచి ఒక్కొక్కటే చూపించాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. బ్రోకరును పిలిచి సూటిగా అడిగాడు.

"దీని మీద బాంబేసినారా?"

"ఏసినారు మామా. దాచేదేముంది, నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. బండి ఈ జిల్లాది కాదులే."

"లోపలున్నాయన?"

"బతికినాడు. దిగి నడుసుకుంటా పోయినాడంట."

బావ ఆ డోరు మీద చేయి వేసి నిలబడ్డాడు. ఏం జరగబోతోందో అప్పటికి నాకు అర్థమైంది. మా వాళ్ళలో ఒక నమ్మకం ఉంది. తోడేలు నోట పడి తప్పించుకున్న గొర్రెను ఎవరూ అమ్మరు, కోయరు. మెడ మీద గాయం మానిన ఆ ఒక్క గొర్రె మందలో ఉంటే తోడేలు మళ్ళీ ఆ మంద వైపు రాదంటారు. మా నాయన మందలో అలాంటిది ఒకటి ముసలిదై చచ్చేదాకా ఉండింది. దాని పక్కనే నేను పడుకుని పెరిగాను. అయినా ఆ రోజు పుస్తకం మనిషిగా మాట్లాడుతూ, ఎవరితో మాట్లాడుతున్నానో మరిచిపోయాను.

"తోడేలు నోట్లో నించి వచ్చిన బండి ఇది" అన్నాడు బావ మెల్లగా. "నువ్వు లేకుంటే నాకెట్ల తెలిసేదిప్పా?"

"బావా, అది గొర్రె. ఇది బండి" అన్నాను.

ఆయన అప్పటికే భుజం మీది తువ్వాల తీశాడు. సంతలో బేరం చేసినట్టే, ఇద్దరూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని, పైకి ఒక్క మాట లేకుండా బేరం ముగించారు.

బండి వాకిట్లోకి వచ్చినప్పుడు అక్క కొబ్బరికాయ కొట్టింది. కొట్టక తప్పదు. బావ ఆమెకు డోరు చూపించి తోడేలు సంగతి చెప్పాడు. నేను కూడా, చేసిన తప్పుకు అదొక్కటే ఆసరా అయినట్టు, "అవునక్కా, లోపలాయనకు ఏం కాలేదంట" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది.

"తోడేలు నోట తప్పించుకున్నదాన్ని ఎవురన్నా అమ్ముకుంటారా? మరి వాళ్ళెందుకమ్మినారు?"

బావ వినిపించుకోలేదు. తర్వాత గ్రంథాలయానికి పోయి ఆ అట్టలేని పుస్తకం మళ్ళీ తీశాను. పాత బండి కొనేముందు చూడవలసినవన్నీ చివరి అధ్యాయంలో ఉన్నాయి. అన్నీ చూశాను, ఒక్కటీ వదల్లేదు. ఎందుకు అమ్ముతున్నారో అడగమని ఎక్కడా లేదు.

బావకు టిక్కెట్టు రాలేదు. నాయకుడు దాన్ని తన బామ్మర్దికి ఇప్పించుకున్నాడు. కానీ కాన్వాయిలో రెండో బండి స్థానం వచ్చింది, బావకు అదే చాలనిపించింది. బండిని గొర్రెపిల్లను చూసుకున్నట్టు చూసుకున్నాడు. పొద్దున్నే పుల్ల నోట్లో పెట్టుకుని పండ్లు తోముకుంటూ అద్దాలు తుడిచేవాడు. ఊళ్ళో ఎక్కడికి పోయినా అందులోనే. చీనీ తోటకు కూడా అందులోనే. అక్క మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. జాతరకు బస్సులో పోయింది.

రెండో ఏడు ఒక మధ్యాహ్నం, ప్రొద్దుటూరు నుంచి తిరిగి వస్తూ, దారిలో ఒక టీ అంగడి దగ్గర బావ బండి ఆపించాడు. నా అంగడికి వచ్చి అక్కకు చీర తీసుకుని పోతున్నాడు. ఆ చీర నేనే మడిచి ఇచ్చాను. పెట్టెలో చల్లటి నీళ్ళున్నా ఆయనకు టీ కావలసి వచ్చింది. బెంచీ మీద ఎదుటి వర్గం పంపిన ఇద్దరు కూర్చుని ఉన్నారు. డ్రైవరు స్టీరింగు ముందే ఉన్నాడు, ఇంజను ఆడుతూనే ఉంది. బండికీ బెంచీకీ పది అడుగుల దూరం. ఆ పది అడుగులు బావ వెనక్కి రాలేకపోయాడు.

పోలీసులు బండిని వారం ఉంచుకుని ఇచ్చేశారు. దాని మీద ఒక్క గీత లేదు. చీర సంచి వెనక సీటులో అలాగే ఉంది.

అక్క నన్ను ఏమీ అనలేదు. మొగం చూడనన్న మాట కూడా నిలబెట్టుకోలేదు. అన్నం పెట్టింది, మంచినీళ్ళు ఇచ్చింది. తిట్టి ఉంటే నాకు కొంచెం బాగుండేది. ఆరు నెలలకు నాయకుడు పార్టీ మారాడు. ఎదుటి వర్గం అప్పటికే ఆ పార్టీలో ఉంది. పులివెందులలో ఇద్దరు నాయకులకూ ఒకే వేదిక మీద దండలు వేశారు. ఆ వారమే మా నాయకుడు అక్కను పలకరించడానికి వచ్చాడు. వాకిట్లో దుమ్ము పట్టిన బండిని చూసి, "మంచి బండి" అన్నాడు. అక్క లోపలికి వెళ్ళిపోయింది.

"అది నా కంటి ముందు ఉండకూడదు. దూరపోల్లకు అమ్మెయ్" అని నాకు చెప్పింది.

కొనడానికి వచ్చినవాళ్ళు పక్క జిల్లావాళ్ళు. ఒక పెద్దాయన, ఆయన తరఫున చూడడానికి సంచి తగిలించుకుని వచ్చిన మరొకాయన. ఆ సంచి ఆయన ముందుగా బానెట్ మీద అరచేయి పెట్టాడు. చల్లగా ఉంది, నేను వేడి చేయించలేదు. తల ఊపాడు. సంచిలో నుంచి అయస్కాంతం తీశాడు. ఎడమవైపు వెనక డోరు దగ్గర అది జారిపోయింది. వంగి కింద చూసి వచ్చి పెద్దాయన చెవిలో ఏదో చెప్పాడు.

"బాంబు పడిందా దీని మీద?" అని అడిగాడు పెద్దాయన.

"పడింది. మేం కొనకముందు" అన్నాను.

"బండిలో ఉన్నోళ్ళకు?"

నేను గడప వైపు చూశాను. అక్క గడపలోకి వచ్చి నిలబడింది.

"బండిలో ఉన్నోళ్ళకు ఎప్పుడూ ఏం కాలేదప్పా" అంది.

అది అబద్ధం కాదు. పెద్దాయన డోరు మీద చేయి వేశాడు, బావ వేసినట్టే.

"మరి ఎందుకమ్ముతాండావమ్మా?"

"ఇంట్లో తోలేటోల్లు లేరు."

పెద్దాయన ఇంకేమీ అడగలేదు. సంచి ఆయన మాత్రం నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను బావ సంగతి ఒక్క మాట చెబితే చాలు, వాళ్ళు వచ్చిన దారినే పోతారు. అక్క గడపలో నుంచి నన్నే చూస్తోంది. నేను బానెట్ ఎత్తి, వాళ్ళ డ్రైవరును తాళం తిప్పమని చెప్పి, ఆయిలు మూత తీశాను.

"చెయ్యి పెట్టి చూడప్పా. ఇంజను శానా బాగుండాది" అన్నాను.

ఆయన చేయి పెట్టి చూశాడు. పెద్దాయన భుజం మీది తువ్వాల తీశాడు.