భీమక్క ఎడమచెయ్యి

దుమ్ముగూడెం అవతలి పల్లెలో పసిబిడ్డలకు నీళ్లు పోసేది భీమక్కే. చాచిన కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని, కుడిచెయ్యి గంగాళంలో ముంచి వేడి చూసిందంటే, ఇక ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తరు. మొన్నటి చలికాలంలో ఆమె మెదడు మొదలు దగ్గర ఓ సన్నటి రక్తనాళం పూడుకుపోయిందన్నారు దవాఖానాలో. మనిషి లేచి తిరుగుతోంది కానీ, కుడిచేతికి తాకితే తెలుస్తుంది, కాలితే తెలియదు. ఎడమ చెంపకేమో ఉత్త గాలి తగిలినా పచ్చికారం పూసినంత మంట. ఆ మంటను పంటి బిగువున ఆపుకుని, "ఎట్లున్నవక్కా?" అన్నవాళ్లకల్లా "నీకంటె మంచిగనే ఉన్న" అని జవాబిస్తుంది.

నిన్న, వరసకు కోడలయ్యే పుష్పలత కూతురికి నీళ్లు పోయడానికి కూర్చుంది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి ముంచి, సరిపోయాయని చెంబు ఎత్తింది. ఆ చెయ్యి ఎర్రగా కందిపోవడం చూసిన పుష్పలత కేక పెట్టి బిడ్డను లాక్కుంది. భీమక్క తన చేతిని పరాయివాళ్ల చేతిని చూసినట్టు చూసుకుంది. తర్వాత చన్నీళ్లు కలిపి, ఎడమచెయ్యి ముంచింది.

"శుభమా అని పసిగుడ్డుకు నీళ్లు పోసుకుంట ఎడమచెయ్యేందక్కా?" అంది పక్కింటి లచ్చవ్వ.

"కుడిచేత్తోని ఉడకబెట్టుమంటవా?"

లచ్చవ్వ మూతి ముడుచుకుంది. భీమక్క కాళ్లు చాపుకుని కూర్చుంది, బతిమాలలేదు. పుష్పలత వంగి నీళ్లలో వేలు పెట్టి చూసి, బిడ్డను ఆ కాళ్ల మీద పడుకోబెట్టింది.

"కానియ్యి అత్తా, నీళ్లు సల్లగైతయ్."