కల్లు సంగతి అడగని రోజు

మూడు రోజులుగా నోరంతా ఇనుము రుచి. తుప్పు పట్టిన తాళంచెవి నాలుక మీద పెట్టుకున్నట్టుంది. కడుపులో అమీబా ఉందని డాక్టరు రాసిన మాత్రల రుచి ఇది. మంచినీళ్లు తాగినా, బెల్లం ముక్క చప్పరించినా ఆ చేదు పోవడం లేదు. నర్సుగా బతుకంతా ఈ మాత్రను ఎందరి చేతనో మింగించాను కానీ, నేను మింగడం ఇదే మొదటిసారి. మింగగానే మా సరోజిని డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

డెబ్బైల చివర హనుమకొండలో ఆవిడ నడిపిన చిన్న దవాఖానలో నేను కొత్త నర్సుని. ఆవిడది గుంటూరు వైపు. నవ్వడం తక్కువ, కసరడం ఎక్కువ. ఆడవాళ్లు సిగ్గుతో చీర కొంగు నోట్లో కుక్కుకుని "తెల్లబట్ట అయితాంది" అని గొణిగితే మాత్రం ఆవిడ గొంతు మెత్తబడేది. భార్యాభర్తల కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునే పురుగు ఒకటుంది. ఆడదాన్ని దురదతో, మంటతో, వాసనతో చంపుకు తింటుంది. మగవాడిలో చాలాసార్లు చప్పుడు లేకుండా కూర్చుంటుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి ఈ మాత్రే మింగాలి. "రోగం ఇద్దరిదీ. మాట మాత్రం ఒక్కతే పడుతుంది" అనేవారు డాక్టరమ్మ.

హసన్‌పర్తి అవతలి పల్లె నుంచి లచ్చవ్వ వచ్చేది. కూలి పనికి పోయే మనిషి, పాతికేళ్లుంటాయేమో. అత్త ఆమె కంచం వేరు పెట్టింది, పడక అరుగు మీదికి మార్చింది. దసరా లోపు రోగం పోకపోతే కొడుక్కి వేరే పిల్లను చేస్తానని ఊరంతా చాటింది. మొదటిసారి ఇద్దరికీ మాత్రలిచ్చి పంపితే నెల తిరక్కుండా లచ్చవ్వ అదే బాధతో తిరిగొచ్చింది. మొగుడి వంతు మాత్రలు ఏమయ్యాయని అడిగితే తల వంచుకుంది.

"బీమారి నీది, నువ్వే మింగు అన్నడమ్మా. రెండు పాళ్లూ నేనే మింగిన."

కోపం వస్తే డాక్టరమ్మ ముక్కు ఎర్రబడేది. ఆ రోజు కోప్పడలేదు. లచ్చవ్వను మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టి కన్ను పెట్టి చూడమన్నారు. గాజు పలక మీద చిన్న చిన్న చుక్కలు గిలగిల్లాడుతూ తిరుగుతున్నాయి. లచ్చవ్వ చాలాసేపు చూసింది.

"గింత పురుగుకేనా అమ్మా నన్ను గన్ని మాటలంటున్నరు?"

ఈసారి మొగుణ్ణి తీసుకొస్తే తప్ప మందు లేదన్నారు డాక్టరమ్మ. ఎట్లా ఒప్పించిందో గానీ, కొమురయ్య వచ్చాడు. ఆ రోజు నేను లేను, చెల్లెలి పెళ్లికి డోర్నకల్ వెళ్లాను. తర్వాత ఆవిడే చెప్పారు. "నేను మంచిగున్న, నాకెందుకు గోలీలు" అని కాసేపు మొండికేశాడట. చివరికి ఆవిడ కళ్ల ముందే ఇద్దరూ మింగారట. రెండు మూడు రోజులు సారా, బ్రాందీ ముట్టుకుంటే వాంతులతో చస్తావని ఆవిడ గట్టిగా చెప్పారట. ముట్టనని అతను తల్లి మీద ఒట్టేశాడట.

దసరా పండుగ వెళ్లాక లచ్చవ్వ అన్న ఇంటి నుంచి వచ్చింది. చేతిలో బట్టల మూట. మింగిన మర్నాడే కొమురయ్యకు ఒళ్లంతా ఎర్రబారి, గుండె దడదడలాడి, పేగులు బయటపడేలా వాంతులయ్యాయట. కోడలు అన్నంలో మందు పెట్టిందని అత్త వాకిట్లో నిలబడి మన్ను ఎత్తిపోసిందట. ఇంట్లోంచి గెంటేశారు.

"సారా తాగిండా?" అని అడిగాను.

"లేదు సిస్టరమ్మా, ఒట్టు మీదనే ఉన్నడు. ఉత్త కల్లే తాగిండు. పండుగ కదా."

డాక్టరమ్మ నా వైపు చూశారు. "మా దగ్గర కల్లును తాగుడు కింద లెక్కవెయ్యరమ్మా" అన్నాను. చుట్టం వస్తే కల్లు, పొలం పనికి కల్లు, బాలింతకూ ఓ గుక్క కల్లు. సారా వేరు, కల్లు వేరు. గుంటూరు మనిషికి ఎవరు చెప్పాలి? ఆవిడ కుర్చీలో కూలబడి, "నేను అడగలేదు" అన్నారు. అంతే.

మరుసటి బస్సుకే నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరు బయలుదేరారు. పెద్దమనుషులు చూస్తుండగా కొమురయ్య ఇంటి వాకిట్లో డాక్టరమ్మ నిలబడి చేతులు జోడించారు. "తప్పు నాదయ్యా. కల్లు తాగొద్దని నేను చెప్పలేదు. నీ భార్య ఏ పాపం ఎరగదు."

కొమురయ్య కసిరి ఉంటే బాగుండేది. మర్యాదగా మంచం వాల్చాడు, నీళ్లిచ్చాడు. "మీరు చెప్తే నమ్ముత అమ్మా. కని దాని చేతి బువ్వ తినబుద్ధి అయితలేదు. గుండెల భయం జొచ్చింది." లోపల్నుంచి అత్త, వేరే పిల్లను మాట్లాడేశామని అరిచింది. తిరుగు బస్సులో డాక్టరమ్మ మీద నాకు కలిగిన జాలి ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తర్వాత మా దవాఖానలో ఈ మాత్ర ఇచ్చే ముందు మొదటి ప్రశ్న కల్లు గురించే. ఏటూరునాగారం అడవి పల్లెల నుంచి వచ్చిన వాళ్లనైతే ఇప్పపూల సారా గురించి కూడా అడిగేవారు. తెలియనిది తెలియదని ఒప్పుకుని మాలాంటి చిన్నవాళ్లను అడగడానికి ఆవిడ ఆపైన ఎన్నడూ వెనకాడలేదు.

కొన్నాళ్లకు లచ్చవ్వ అన్న ఇంటి నుంచే పరీక్షకు వచ్చింది, ఒంటరిగా. డాక్టరమ్మ మైక్రోస్కోపులో మళ్లీ మళ్లీ చూసి తలెత్తారు.

"పురుగు లేదు లచ్చవ్వా. పూర్తిగా నయమైంది."

"ఎవలకు చెప్పాలె అమ్మా?" అంది లచ్చవ్వ.

అందుకే ఈనాటికీ ఏ ఆడమనిషికైనా నయమైందని చెప్పే ముందు, ఆ మాట వినడానికి ఎవరైనా తోడు వచ్చారా అని గుమ్మం వైపు చూస్తాను.