హలో పిన్ని చూసిన టైరు లైటు

హలో పిన్ని అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసింది. రిటైరయ్యాక కూడా ఎవరైనా తలుపు కొడితే లోపలినుంచి "హలో" అనేది. అక్క పిల్లలు పెట్టిన పేరు అది. పోనుపోను ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా పిన్ని అనే పిలవసాగారు.

ఉద్యోగం చేసే రోజుల్లో ఆమె ఎదురుగా నిలువెత్తు బోర్డు, దాని నిండా చిన్న చిన్న దీపాలు ఉండేవి. ఎవరైనా ఫోనెత్తితే ఒక దీపం వెలిగేది. దాని కింద ప్లగ్గు గుచ్చితే ఆరేది, అప్పుడు ఆపరేటరు పలకరించాలి. పని ఒత్తిడిలో కొందరు ప్లగ్గు గుచ్చేసి పలక్కుండా ఊరుకునేవారు. బోర్డు మీద దీపాలుండవు, పై అధికారి చూసినా తప్పు దొరకదు. పిలిచినవాడు మాత్రం రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడి ఉండేవాడు. పిన్నికి ఆ పని చేతనయ్యేది కాదు. నీతి కోసమనీ కాదు. అవతల ఒక మనిషి కాచుకుని ఉన్నాడని తెలిస్తే ఆమెకు మంచినీళ్ళు కూడా గొంతు దిగేవి కావు.

కొడుకు మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం గనక పాత కారొకటి కొన్నాడు. తోడికోడలికి కంటి ఆపరేషన్ అయిందని తెలిసి, ఒక ఆదివారం పొద్దున పిన్ని ఆ కారులో ముందు సీట్లో కూర్చుంది. కోడలు వెనక సీట్లో కునుకు తీస్తోంది. వీధి మలుపు తిరగకముందే, స్టీరింగు వెనక వెలుగుతున్న పసుపు గుర్తు పిన్ని కంటబడింది.

"ఏమిట్రా అది?"

"టైర్లలో గాలి తగ్గితే వెలుగుతుందమ్మా."

"తగ్గిందా మరి?"

"చలికి అలాగే వెలుగుతుంది. ఎండెక్కితే అదే పోతుంది."

ఎండెక్కింది. లైటు పోలేదు.

"గాలి సంగతి అడిగితే గాలిమాటలు చెప్తావేంరా," అంది పిన్ని.

వెనకనుంచి కోడలు కళ్ళు తెరవకుండానే అందుకుంది. "నేనూ ఎన్నాళ్ళనుంచో చెప్తున్నానత్తయ్యా. మీ అబ్బాయికి రెండు చెవులున్నది ఒకదాంట్లో విని రెండోదాంట్లో వదిలేయడానికే."

కొడుకు నవ్వేశాడు. తిరుగు ప్రయాణంలో చూస్తే లైటు లేదు. గాలి కొట్టించావా అని పిన్ని అడిగింది. "సరిచేశానమ్మా," అన్నాడతను. ఆమె ఇక ఆ మాటెత్తలేదు.

మళ్ళీ ఆదివారం కొడుకు కంపెనీ మీటింగుకు బస్సులో వెళ్ళాడు. తోడికోడలిని ఇంకోసారి చూసి రావడానికి కోడలే కారు తీసింది. పెద్ద రోడ్డెక్కిన కాసేపటికి ఆమె స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకోవడం పిన్ని గమనించింది.

"ఎడమవైపుకి లాగుతోంది అత్తయ్యా."

"లైటేమీ వెలగడం లేదే."

"అదే నాకూ అర్థం కావడం లేదు."

పెట్రోలు బంకు పక్కనే టైర్ల షాపుంది. షాపతను ఎడమవైపు ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చుని, గాలి కొలిచి, టైరు చుట్టూ చెయ్యి పోనిచ్చాడు. మేకు దొరికింది. గాలి చాలా రోజులనుంచే కొంచెం కొంచెంగా పోతోందన్నాడు.

"మరి లైటు?" అంది పిన్ని.

"గాలి తక్కువున్నప్పుడే ఎవరో రీసెట్ బటన్ నొక్కారమ్మా. ఆ ఉన్న గాలే సరైనదని బండి అనుకుంది. ఇంకా బాగా దిగిపోతే గానీ మళ్ళీ వెలగదు."

కోడలు పళ్ళు నూరింది. పిన్ని మాత్రం ఎక్స్ఛేంజీలో తనకు తెలిసిన పాత మనిషెవరో ఎదురుపడినట్టు ఆ స్టీరింగు వైపు కాసేపు చూసి, ఫోను తీసి కొడుక్కి కలిపింది.

"పోయిన వారం గాలి కొట్టించావా, బటన్ నొక్కావా?"

అవతల ఉలుకూ పలుకూ లేదు.

"లైన్లో ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"మాట్లాడు."

"బటన్ నొక్కాను."

"నొక్కి?"

"అంతే."

"సరే," అని పెట్టేసింది.

షాపతను మేకు పీకి పంక్చరు వేశాడు. నాలుగు టైర్లకూ సరిపడా గాలి పట్టాడు. "ఇప్పుడు నొక్కాలమ్మా," అన్నాడు. కోడలు తాళం తిప్పి, స్టీరింగు కింది బటన్ నొక్కి పట్టుకుంది. పసుపు గుర్తు ఒకసారి వెలిగి, మిణుకు మిణుకుమని ఆరిపోయింది. కారు కదిలాక ఇంకెటూ లాగలేదు. వీళ్ళు చేరేసరికి తోడికోడలు నల్లద్దాలు పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఆలస్యానికి కారణం అడిగితే, మేకు దిగిందని మాత్రమే చెప్పింది పిన్ని. కొడుకు సంగతి ఎత్తలేదు.

సాయంత్రం ఇద్దరూ ఇల్లు చేరేసరికి అతను ముందే వచ్చి వంట చేసి పెట్టాడు. పెళ్ళయ్యాక అతను పొయ్యి దగ్గరికి వెళ్ళడం అదే మొదలు. ముగ్గురూ కూర్చున్నారు. అత్తాకోడళ్ళు తోడికోడలి కంటి గురించి, ఆమె వేసుకుంటున్న చుక్కల మందు గురించి మాట్లాడుకున్నారు. అతను కంచంలో అన్నం కెలుకుతూ తిట్ల కోసం ఎదురుచూశాడు. అవి రాలేదు.

"ఏదో ఒకటి అనమ్మా," అన్నాడు చివరికి.

"ఏమనమంటావు? అన్నం మెత్తబడింది."

కోడలు తలెత్తకుండా కూర గిన్నె అతని వైపు జరిపింది.