కోత యంత్రం పాఠం

అరబ్బు దేశంలో, అబూ హమూర్‌లోని ఒక బడిలో నేను చరిత్ర చెబుతాను. ఆ రోజు పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పాఠం. గోధుమ పొలాల్లోకి గుర్రాలు లాగే కోత యంత్రం వచ్చిందనీ, పొలం పనులు తగ్గినవాళ్ళలో చాలామంది పట్నాల్లోని మిల్లులకు వెళ్ళారనీ హుషారుగా చెప్పాను.

"వెళ్ళడం వాళ్ళకి ఇష్టమేనా మిస్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"పని దొరికింది కదా," అన్నాను. అన్నానే గానీ, ఆ మాట నాకే నచ్చలేదు. ఈ ఏడు గోదావరి పక్కనున్న మా ఊళ్ళో వరి కోతకి మిషన్ పెట్టించమని అన్నయ్యను ఒప్పించింది నేనే. ఏటా మా చేను కోసే ఆడవాళ్ళ ముఠాకు మేం కబురు కూడా పంపలేదు.

సాయంత్రం ఆ ముఠా పెద్దావిడకి ఫోన్ చేశాను. చిన్నప్పుడు నన్ను గట్టు మీద కూర్చోబెట్టుకుని తన క్యారేజీలోంచి ముద్దలు పెట్టిన మనిషి.

"రొయ్యల ఫ్యాక్టరీలో చేరానమ్మా. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి వలవాలి, వేళ్ళు వంగట్లేదు," అంది. "మీ చేను బాగా పండిందంటగా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

వచ్చే ఏడు కొంత చేనైనా కొడవలికి ఉంచమని అన్నయ్యను అడిగాను.

"ముఠా ఎక్కడుందే ఇంకా? అందరూ ఫ్యాక్టరీ బస్సెక్కేస్తున్నారు," అన్నాడు.

ఒక్క పంటకే వాళ్ళు చెదిరిపోయారు. చెదరగొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.