రత్నమ్మ నేర్పిన జవాబులు

కాటన్‌పేటలో రత్నమ్మ నోటికి జడవనోళ్ళు లేరు. దారాల అంగడిలో ఆమె కూర్చుందంటే బేరమాడడానికి ఎంతటివాడైనా వెనకాముందాడాల్సిందే. అంత నోట్లోంచీ ఏనాడూ రాని మాట ఒకటుండాది. తమ్ముడు మునినారాయణప్పకు వయసొచ్చింది గానీ బుద్ధి ఎదగలేదన్న మాట. "మావాడికి మాటలు తక్కువప్పా" అనేది, అంతే. ఎవరైనా "పాపం" అని మొదలుపెట్టినారా, వాళ్ళ ఏడు తరాలనూ ఉతికి ఆరేసేది.

తొంభై ఏడులో వాడి రెండు కళ్ళకూ పొరలొచ్చినాయి. గోడ పట్టుకుని నడిచేకాడికి వచ్చింది. ఆపరేషన్ చేస్తే చూపొస్తుందన్నారు డాక్టర్లు. కానీ వీడు కదలకుండా పడుకునే రకం కాదు, మత్తివ్వాల. దానికి వాడే అన్నీ తెలిసి సంతకం పెట్టాల, లేదంటే కోర్టు గార్డియన్‌గా వేసినవాళ్ళు పెట్టాల.

"అక్కను నేనుండగా నడుమ కోర్టెందుకప్పా?" అని ఆస్పత్రంతా వినబడేట్టు అరిచి, చివరికి లాయరు రాఘవేంద్ర దగ్గరికి పోయింది.

"జడ్జిగారు ఆయన్ని ఒకసారి చూడాలమ్మా, పిలుచుకొని రా" అన్నాడాయన.

ఇంకేముంది, పెళ్ళిచూపులంత హడావిడి! జడ్జి ముందర తమ్ముడు నోరెళ్ళబెడితే పరువేం కావాల? పేరేమి, ఇల్లెక్కడ, ఏం పని చేస్తావు అని ముద్దముద్దకూ ఒక జవాబు నేర్పించింది. ఆ రోజు తలకు నూనె రాసి, కొత్త పంచె కట్టి, చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

జడ్జి అడిగినాడు, వాడు చెప్పినాడు. మునినారాయణప్ప. కాటన్‌పేట. అక్కతో అంగడి చూసుకుంటాను. ఎక్కడా తడుముకోలేదు. చూసినావా మావాణ్ణి అన్నట్టు రత్నమ్మ లాయరు వైపు చూసింది. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

"డాక్టరు రాసిందొకటి, నేను చూస్తున్నదొకటి. ఈయన బాగానే ఉన్నాడే! సంతకం ఈయనే పెట్టొచ్చు. గార్డియన్ ఎందుకు?" అని ఫైలు మూయబోయినాడు జడ్జి.

అయ్యో దేవుడా! తమ్ముడి సంతకం డాక్టర్లు ఒప్పుకోరు, ఆ ఫైలు మూస్తే వాడి కళ్ళు మూసినట్టే. రత్నమ్మ గబుక్కున ముందుకొచ్చింది.

"స్వామీ, వరుస మార్చి అడగండి" అంది.

"ఇల్లెక్కడ?" అని ముందడిగినాడు జడ్జి.

"మునినారాయణప్ప" అన్నాడు వాడు. అక్క మెచ్చుకుంటుందని అటు తిరిగి నవ్వినాడు కూడా.

"అన్నీ నేను నేర్పించినవే స్వామీ. మూడేళ్ళ బిడ్డెంతో వీడూ అంతే. వీడికేమీ తెలీదు."

అంగడిలో అరిచే గొంతు కాదది. జడ్జికి సరిగా వినబళ్ళేదు, మళ్ళీ చెప్పమన్నాడు. వాడి ముందరే మళ్ళీ చెప్పింది.

ఆమెను గార్డియన్‌గా వేసినారు. ఇంక ఆపరేషన్‌కు అడ్డు లేదని రాఘవేంద్ర సంబరంగా చెప్తున్నా ఆమె తలెత్తలేదు. బయట మెట్ల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఊళ్ళో ఎవరినీ అననీయని మాట తానే అనేసింది కదా, అదీ ఆమె బాధ.

ఏడుపు విని మునినారాయణప్ప తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆయప్ప తిట్టినాడా అక్కా నిన్ను?"

వాడు వెతికి వెతికి ఆమె భుజం మీద చెయ్యేసినాడు.

"నువ్వేం భయపడొద్దు. నేనుండాను కదా" అన్నాడు.