మామయ్య విస్తట్లో జర్మనీ సీసా

పొద్దున్నే అత్త నన్ను పిలిచి బీరువా మీది మూట దింపమంది. చనిపోయిన పెద్దలకు పెట్టే పెత్రమాస అమావాస్య నాడు మా ఇంట్లో మొదట దిగేది మామయ్య ఫోటో. ఈసారి దానికంటే ముందు సీసా దిగింది. ఏడాదిగా తన పాత చీరముక్కలో చుట్టి దాచిన పొట్టి మెడ బీరు సీసా. జర్మనీది. తెచ్చింది నేనే. దాన్ని చూసినప్పుడల్లా నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అత్త మా నాన్నకు చెల్లెలు. పిల్లలు లేక నన్ను తెచ్చుకుని పెంచింది. ఆమె అశ్వారావుపేటలో నా దగ్గర ఉంటోందని జనం అంటారు గానీ, నిజానికి నేనే ఆమె దగ్గర ఉంటున్నాను. పులుసులో ఉప్పెంతో మా ఆవిడ ఇప్పటికీ ఆమెనే అడుగుతుంది. మామయ్య బొగ్గుబాయిలో పనిచేసేవాడు. డ్యూటీ దిగితే స్నానం, స్నానం అయితే జీలుగు కల్లు. అడవి పల్లెల నుంచి సైకిల్ మీద వచ్చే కుండ కోసం వాకిట్లో కూర్చుని, "కల్లు మనిషిని ఆగం చెయ్యదే, మనిషే కల్లును ఆగం చేస్తడు" అని అత్తకు నీతులు చెప్పేవాడు. అత్త జన్మంతా ఆయనతో ఆ కల్లు మీదే కొట్లాడింది. ఆయన మంచం పట్టాక, దవాఖానాలో వద్దన్నారని, ఒక్క గుక్క అడిగినా పోయలేదు. మర్నాడే ఆయన పోయాడు. ఆ గుక్క అత్తను ఇప్పటికీ వదల్లేదు. ఏటా పెత్రమాసకు ఆయన విస్తట్లో గారెలు, కోడికూర, పక్కన లోటా నిండా కల్లు ఉండాల్సిందే. పెట్టేది కొడుకులాంటి నేను. నేను పెట్టి మొక్కి లేచేదాకా అత్త మంచినీళ్ళు కూడా ముట్టదు.

నిరుడు మా పామాయిల్ మిల్లు వాళ్ళు నన్ను జర్మనీలో నూనెల సదస్సుకు పంపారు. పెత్రమాసకు ముందురోజే ఇల్లు చేరేలా టికెట్టు. సదస్సు చివరి రోజు మా బ్యాచీలో ఒకాయన, దగ్గర్లోనే లోకమంతా పేరున్న బీరు కర్మాగారం ఉంది, ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే నవ్వుతారు అన్నాడు. ఎవరు నవ్వుతారో నేను అడగలేదు. టికెట్టు మార్చుకుని ఇంటికి ఫోన్ చేశాను. "మీటింగ్ పొడిగించిండ్రు అత్తమ్మా" అన్నాను. దానికి అత్త, "ఆఫీసు పనంటే మన చేతుల ఉంటదా బిడ్డా? పైలంగ రా" అంది. తిట్టినా బాగుండేది.

కర్మాగారం మాత్రం చూడాల్సిందే, అబద్ధమెందుకు. గదంత రాగి గంగాళాలు. మొలకెత్తించిన బార్లీ వేపుతుంటే వచ్చే వాసన, మా ఆవిడ రాగిమొలకలు వేపినప్పటి వాసనే. నేల కింద చల్లటి సొరంగాలు, అచ్చం బొగ్గుబాయే, బొగ్గు లేదంతే. మామయ్యకు అలాంటి బాయిలో డ్యూటీ పడితే రిటైరయ్యేవాడే కాదు. మిల్లు మనిషిని కాబట్టి బాయిలర్ గురించి నాలుగు ప్రశ్నలు వేసి, అది కూడా ఆఫీసు పనే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. చివర్లో పొడుగాటి గ్లాసు చేతికిచ్చారు. నురగ మీసాలకు అంటుకుంది. పక్కవాడు ఫోటో తీస్తుండగా గుర్తొచ్చింది, ఇవాళే పెత్రమాస, ఇక్కడ పొద్దు ఎక్కుతుంటే మా ఇంటి దగ్గర మధ్యాహ్నం దాటిపోయింది. అయినా గ్లాసు కింద పెట్టలేదు. ఖాళీ అయ్యాకే పెట్టాను.

ఆ రోజు అత్త వేరెవరినీ విస్తరి వెయ్యనివ్వలేదట. దీపాలవేళ దాకా పస్తుండి, ఫోటో ముందు నిలబడి, "పిల్లగాడు ఆఫీసు పనిల ఇరుక్కున్నడు, ఈయేడు ఓర్చుకో" అని చెప్పి, అప్పుడు ఇంత మజ్జిగ తాగిందట. మా ఆవిడ చెప్పింది. ఆ పిల్లగాడికి అప్పటికే తల నెరిసింది. నేను తెచ్చిన సీసా ఏంటని అత్త అడిగితే మీటింగులో ఇచ్చారన్నాను. "మీ మామయ్యకు ఉంచుత" అని చీరముక్కలో చుట్టేసింది.

మా ఇంటి పద్ధతి ఒకటుంది. విస్తట్లో పెట్టే ప్రతిదీ ఎక్కడిదో, ఎట్లా వచ్చిందో పెద్దలకు నోటితో చెప్పి పెట్టాలి. చెప్పకుండా పెడితే ముట్టరని అత్త నమ్మకం. ఇవాళ ఊదు పొగలో కూర్చుని గారెల సంగతి చెప్పాను, ఎదురింటి వాళ్ళ దగ్గర కొన్న కోడి సంగతి చెప్పాను. సీసా వంతు వచ్చింది. తిప్పి చూస్తే దాని మీద గడువు ఎప్పుడో దాటిపోయి ఉంది. బతికిపోయాననుకుని, "ఇది పాతదైపోయింది అత్తమ్మా" అన్నాను.

"సచ్చినోళ్ళకు డేట్లేంది రా? చెప్పి పెట్టు" అంది.

అత్తకు అబద్ధం చెప్పాను గానీ, విస్తరి ముందు మామయ్యకు చెప్పలేకపోయాను. "మామయ్యా, నిరుడు ఈ దినం నాకు మీటింగ్ లేకుండె. బీరు చేసే కాడికి చూడవోయిన. నీకు పెట్టకుంట నేను తాగిన. ఇది ఆడిదే" అన్నాను. సిగ్గుతో నేను తల తిప్పలేదు.

వెనక నుంచి అత్త అడిగింది. "సల్లగుండెనా అది?"

"ఉండె అత్తమ్మా."

"ఆయన చేతుల పెరిగినోనివి. నువ్వు తాగితే ఆయనకు ముట్టినట్టే తీయ్. నేనైతే ఆయనడిగిన గా ఒక్క గుక్క గూడ పొయ్యలే" అని, అట్లకాడతో మూత లేపించి, తనే లోటాలోకి వంచింది. నురగ రాలేదు. ఆమె చెయ్యి వణుకుతోంది; నిరుటికి ఆ వణుకు లేదు.

మామయ్యకేం, పెత్రమాసలు ఎన్నైనా వస్తాయి. అత్తకు మిగిలినవే కొన్ని. వాటిలో ఒకదాన్ని నిరుడు నేను గ్లాసులో పోయించుకుని తాగేశాను.